సమాధానం: అద్దానికి అంటుకుపోయిన మారేడ్‌పల్లి ఇంటి ఫోటో

మారేడ్‌పల్లి పెంకుటింటి పాత ఫోటో ఫ్రేము అద్దానికి అంటుకుపోయింది, నీళ్లలో నానబెట్టి తీయవచ్చా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. నలుపు తెలుపు ఫోటోల్లో బొమ్మ ఉండేది జెలటిన్ అనే జిగురులాంటి పదార్థపు పొరలో. వానాకాలం చెమ్మకు అది మెత్తబడి అద్దాన్ని పట్టేస్తుంది. నానబెట్టి లాగితే కాగితం చేతికొచ్చి, వసారా స్తంభాలు, పెంకుల వరస అద్దం మీదే మిగిలిపోతాయి. హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు.

ముందు అద్దంతో సహా కాపీ తీయండి. వెనక మేకులు పీకి ఫ్రేము, అట్ట విప్పండి; అద్దం, ఫోటో కలిసే ఉండాలి. అద్దం పైవైపు పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. ద్రవం చల్లితే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. సీసీడీ స్కానర్ (లోపల లెన్సు ఉండే, కాస్త మందపాటి రకం) అయితే 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు)లో స్కాన్ చేసి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచండి. పల్చటి సీఐఎస్ స్కానర్‌లో (సెన్సారు గాజుపలక కిందే ఉండే రకం) బొమ్మ మసకబారుతుంది. దాని ఫోకస్ గాజుపలకను ఆనుకున్నంత వరకే, మీ ఫోటోకి మధ్యలో ఫ్రేము అద్దం మందం అడ్డుంది. అప్పుడు కెమెరానే మేలు. ఫోటోను బల్ల మీద పరిచి, కెమెరాను సరిగ్గా పైన, నేరుగా కిందికి చూసేలా బిగించి, రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో లైట్లు పెట్టండి. ఫ్లాష్ ఆపేయండి. కెమెరా ప్రతిబింబం పడితే నల్లగుడ్డకు లెన్సు పట్టేంత చిల్లు చేసి కెమెరాకు తొడగండి.

వెనకవైపు స్టూడియో ముద్ర, పెన్సిల్ రాతలు ఉంటే వాటికీ కాపీ తీయండి. ఇల్లు ఏ వీధిదో, ఏ కాలంనాటిదో ఒక్కోసారి అవే తేలుస్తాయి. అసలు ఫోటోను విడదీయడం మాత్రం కాగితపు కన్సర్వేటర్‌కే (పాత కాగితాలు, ఫోటోలు బాగుచేసి కాపాడే నిపుణుడికే) వదిలేయండి.