‘నేనైతే వెళ్ళను’ అన్నాడు, మేము వెళ్ళాము

ప్రశ్న: అక్కా, డాలస్ వచ్చి నాలుగు నెలలైంది. నేను రాసిన ఒక మార్పును శుక్రవారం సాయంత్రమే సర్వరులో పెట్టేస్తానంటే మా మేనేజరు ‘ఐ వుడ్ హోల్డ్ ఆఫ్’ అన్నారు. నేనైతే ఆగుతాను అని తన పద్ధతి చెబుతున్నారు కాబోలనుకొని పెట్టేశాను. శనివారం సర్వరు ఆగిపోయింది. సోమవారం నుంచి ఆయన నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. వద్దనుకుంటే వద్దని చెప్పవచ్చు కదా?

జవాబు: వద్దనే చెప్పారు తమ్ముడూ. నీకు వినబడలేదు. 2003లో మాకూ ఇలాగే వినబడలేదు.

జూలై నెల. హ్యూస్టన్‌లో మా చెల్లెలి సీమంతం. ప్రయాణానికి ముందు కారుకు ఆయిలు మార్పించడానికి వెళితే, మెకానిక్కు జేబులోంచి పెన్నీ, అంటే లింకన్ బొమ్మ ఉన్న ఒక సెంటు నాణెం, తీసి టైరు గాడిలో తలకిందులుగా పెట్టి చూపించాడు. లింకన్ తల మొత్తం బయటికి కనబడుతోంది. అంటే రబ్బరు గాడి లోతు అంగుళంలో 32వ వంతులు రెండు కూడా మిగలలేదని లెక్క. టెక్సస్ చట్టం ఒప్పుకునే కనీసపు లోతు అదే. అతను తల పంకించి, ‘నేనైతే వీటితో హ్యూస్టన్ వెళ్ళను’ అన్నాడు, ఇంగ్లీషులో ‘ఐ వుడింట్’ అని మొదలుపెట్టి. మా ఆయన మర్యాదగా థాంక్స్ చెప్పి కారెక్కారు. ఎక్కాక నాతో అన్నమాట ఇది: ‘పాపం, దూరప్రయాణాలు పడవేమో అతనికి.’

కోర్సికానా దాటాక ఐ-45 మీద వెనక టైరు పేలింది. నూరు డిగ్రీలు దాటిన ఎండలో, ఒళ్ళో చలిమిడి డబ్బాతో, రోడ్డు పక్క గడ్డిలో రెండు గంటలు కూర్చున్నాను. చలిమిడి పాకం పట్టింది.

విజయవాడ ఆటోనగర్‌లో ఇదే టైరు చూపించి ఉంటే ‘దీంతో ఊరు దాటవద్దు సార్, చస్తారు’ అని తిట్టి మరీ మార్చేవారు. ఇక్కడ అలా అనరు. కారు నీది, డబ్బు నీది, నిర్ణయం నీది. నీ నిర్ణయంలో వేలు పెట్టడం అవతలివాడికి మర్యాద కాదు. అందుకని తనను నీ సీట్లో కూర్చోబెట్టుకొని, అక్కడ తానేమి చేసేవాడో చెబుతాడు. ‘ఇఫ్ ఐ వర్ యూ’, అంటే నేనే నువ్వైతే, అన్న ముక్క ముందు ఉండాలి. చాలాసార్లు దాన్ని మింగేస్తారు. ‘ఐ వుడ్’ ఒక్కటే బయటికి వస్తుంది. ఆ మింగేసిన ముక్కను మనమే పూరించుకోవాలి.

మనం పూరించుకోలేకపోవడానికి నా దృష్టిలో ముఖ్య కారణం మన ‘నేనైతే’. అదీ షరతు మాటే, ‘అయితే’ అందులోనే ఉంది. కానీ మన ఇళ్ళలో అది సలహాకన్నా గొప్పలకూ దెప్పులకూ ఎక్కువ పనికొస్తుంది. ‘నేనైతే అలాంటి పెళ్ళికి వెళ్ళనే వెళ్ళను’ అని పిన్ని అంటే ఆవిడ పౌరుషం చెబుతోందని అర్థం, నిన్ను మానమని కాదు. ఆ చెవితోనే ఇంగ్లీషు ‘ఐ వుడింట్’ కూడా వింటాం. అతని సంగతి అతను చెప్పాడులే అని వదిలేస్తాం.

రెండో కారణం క్రియలో ఉంది. మన వ్యాకరణంలో చేదర్థకం అంటారు చూడు: వస్తే, ఇస్తే, ఉంటే. ‘వాన వస్తే గొడుగు తీస్తాను’, ‘లాటరీ వస్తే ఊళ్ళో బడి కట్టిస్తాను’. రెంటికీ అదే ‘వస్తే’. వాన రావచ్చు. లాటరీ రాదని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. ఆ తేడాను గొంతుతోనో, ముందు ఒక ‘ఒకవేళ’ తగిలించో చూపిస్తాం. ఇంగ్లీషువాళ్ళు క్రియనే వెనక్కి జరుపుతారు: లాటరీ సంగతైతే ‘ఇఫ్ ఐ విన్’ అనకుండా ‘ఇఫ్ ఐ వన్’ అంటారు. మాట్లాడేది రేపటి గురించే, క్రియ మాత్రం నిన్నటిది. బడిలో మనకు అది భూతకాలమనే నేర్పారు, కాబట్టి చెవికి ‘నిన్న’ అనే తగులుతుంది. ఇక్కడ అది కాలాన్ని చెప్పదు, నిజానికి ఎంత దూరమో చెబుతుంది.

ఈ దూరం తెలియక మాకు తెలిసిన ఒకబ్బాయి అభాసుపాలయ్యాడు. ఇంటర్వ్యూ చివర ‘మేము ఉద్యోగం ఇవ్వడమంటూ జరిగితే ఎప్పుడు చేరగలరు?’ అని అడిగారట, ‘ఇఫ్ వుయ్ వర్ టు’ అని దూరంగా పెట్టి. అతనికి ‘ఇస్తే’ ఒక్కటే వినబడింది. సాయంత్రానికి నెల్లూరుకు ఫోను వెళ్ళింది, వాళ్ళమ్మగారు వీధంతా మిఠాయిలు పంచారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఉద్యోగం మరొకరికి వెళ్ళింది.

ఇంటర్వ్యూల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ‘మీ జట్టులో ఇద్దరు గొడవపడితే మీరేమి చేస్తారు?’ అని అడిగితే మనవాళ్ళు చాలామంది ‘మా జట్టులో అలా ఎప్పుడూ జరగలేదండీ’ అంటారు. నిజమే కావచ్చు, కానీ అడిగినవాడు నీ చరిత్ర అడగలేదు. లేని సంగతిని ఊహించుకొని నీ బుద్ధి ఎటు నడుస్తుందో చూపించమన్నాడు. ‘ఐ వుడ్’ అని మొదలుపెట్టి చెప్పు.

అలాగని ప్రతి వాక్యంలో వుడ్ పోయవద్దు. మన ఈమెయిళ్ళకు ఆ జబ్బు ఉంది. సోమవారం నివేదిక పంపిస్తానని చెప్పడానికి ‘ఐ విల్ సెండ్’ చాలు. విల్ కన్నా వుడ్ మర్యాద అనుకొని ‘ఐ వుడ్ సెండ్’ అని రాస్తాం. చదివిన అమెరికావాడికి అది ‘పంపించేవాణ్ణే, కానీ...’ అన్నట్టుంటుంది. ఆ ‘కానీ’ కోసం చూస్తాడు. నువ్వు మాట ఇచ్చాననుకుంటావు, అతను నువ్వు తప్పించుకుంటున్నావనుకుంటాడు.

అన్ని వుడ్‌లూ ఒకే బరువు తూగవు. హోటల్లో పక్కవాడు ‘నేనైతే బ్రిస్కెట్ చెబుతాను’ అంటే అది వాడి రుచి, నువ్వు శాకాహారివైతే నవ్వి ఊరుకో. పైఅధికారి, మెకానిక్కు, వకీలు, ఇల్లు కొనేముందు తనిఖీ చేసేవాడు, ఇలా ఆ విషయం తెలిసినవాళ్ళు అంటే మాత్రం ఆగు. ‘ఐ వుడ్’ అంటే సలహా, ‘ఐ వుడింట్’ అంటే దాదాపు నిషేధం. జరిగిపోయాక ‘ఐ వుడ్ హావ్’ అని మొదలైతే అది మందలింపు. ‘నేనైతే ముందు ఒక ఫోను చేసి ఉండేవాణ్ణి’ అంటే మన భాషలో ‘ఫోనైనా చేయలేదేమయ్యా’ అని.

ఈ పద్ధతి వల్ల మనకు లాభమూ ఉంది. మా మామగారు ఇక్కడ ఉండగా ఇంకెందుకో తీసిన స్కానులో పిత్తాశయంలో రాళ్ళు కనబడ్డాయి. నొప్పి ఏమీ లేదు. డాక్టరు ఆపరేషను గురించి చెప్పారు, చేయించకుండా గమనిస్తూ ఉండటం గురించీ చెప్పారు, ఆపైన ‘మీ ఇష్టం’ అన్నారు. మామగారు నావైపు, నేను మా ఆయనవైపు చూశాం. చివరికి నేనే అడిగాను: ‘ఈయన మీ నాన్నగారైతే ఏమి చేసేవారు?’ డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి, ‘నేనైతే ముట్టుకోను’ అన్నారు. నొప్పి పెట్టని రాళ్ళను సాధారణంగా అలా వదిలేస్తారని అప్పుడు విడమరిచి చెప్పారు. బయటికి వచ్చాక మామగారు ‘ఈ ముక్క ముందే చెప్పవచ్చు కదా, అంత చదువుకున్నాయన!’ అన్నారు, అచ్చం నీలాగే. అడగనిదే చెప్పరు. అడగడానికి మర్యాదైన దారి ఆ ‘అయితే’నే.

నువ్వు ఇతరులకు సలహా చెప్పేటప్పుడూ ఈ ‘ఐ వుడ్’నే వాడు. మన ‘ఒక పని చేయండి’ని మక్కికి మక్కి ‘డూ వన్ థింగ్’ అని మొదలుపెడితే ఇక్కడివాళ్ళకు పురమాయించినట్టుంటుంది. నేను అయిదారేళ్ళు అలాగే పురమాయించాను, ఎవరూ తప్పని చెప్పలేదు, పిలవడం తగ్గించారంతే.

ఇక మీ మేనేజరు. ఆయన దగ్గరికి వెళ్ళి, ఆ రోజు మీ పద్ధతి చెబుతున్నారనుకున్నాను, ఆగమన్నారని నాకు తెలియలేదు, పొరపాటు నాదే అని చెప్పు. పెద్ద ఉపన్యాసం వద్దు. ఈసారి ఆయన ‘నేనైతే’ అన్నప్పుడు ‘అయితే ఆపమంటారా?’ అని అక్కడికక్కడే అడుగు. ఒకవేళ ‘వుడ్ యూ మైండ్ వెయిటింగ్’ అని అడిగితే, ఆగడానికి ఒప్పుకున్నట్టు చెప్పాల్సిన జవాబు ‘నో’. అక్కడ ‘యెస్’ అన్నావంటే మళ్ళీ నాకు ఉత్తరం రాయాల్సి వస్తుంది.