గేమింగ్ ల్యాప్‌టాప్‌తో గెలిస్తే టైటిల్ ఇవ్వాలా?

తమ్ముడూ, హన్మకొండలో మీ కాలేజీ చెస్ ఇంజిన్ల (చెస్ ఆడే ప్రోగ్రామ్‌ల) పోటీలో గేమింగ్ ల్యాప్‌టాప్ తెచ్చినవాడు గెలిచాడని, పాత డెస్క్‌టాప్ వాళ్లు గొడవ చేస్తున్నారని రాశావు. కప్పు వెనక్కి తీసుకోకండి. రూల్ ముందే రాయకపోవడం మీ తప్పే కదా!

2024లో ఆఖరిసారి జరిగిన ప్రపంచ కంప్యూటర్ చెస్ ఛాంపియన్‌షిప్‌లోనూ ఎవరి మెషిన్ వాళ్లదే ఉండేది. మెషిన్‌కూ ప్రోగ్రామ్‌కూ కలిపే టైటిల్ ఇచ్చేవారు. 2010 నుంచి అందరికీ ఒకేలాంటి మెషిన్లతో సాఫ్ట్‌వేర్ టైటిల్ వేరుగా పెట్టారు. అలాగని పెద్ద మెషినే గెలుస్తుందనుకోవద్దు. 1995లో హాంకాంగ్‌లో మామూలు పెంటియమ్ పీసీ మీద ఆడిన ఫ్రిట్జ్ అనే ప్రోగ్రామ్, ఐబీఎం వాళ్ల భారీ చెస్ కంప్యూటర్ డీప్ బ్లూ ప్రోటోటైప్‌ను (తొలి నమూనాను) ఓడించి ఛాంపియన్ అయింది.

ఈసారి ల్యాబ్‌లో ఒకే పీసీ మీద ఆడించండి. థ్రెడ్లు (ఒకేసారి నడిచే లెక్కల వరసలు), హ్యాష్ మెమరీ (చూసిన పొజిషన్లు దాచుకునే చోటు) రెండు ఇంజిన్లకూ సమానంగా పెట్టి, పాండరింగ్ (ఎదుటివాళ్ల వంతులోనూ ఆలోచించడం) ఆపేయండి. లేకపోతే ఒక ఇంజిన్ తన వంతులో ఆలోచించేటప్పుడు రెండోది కూడా అదే ప్రాసెసర్‌ను తినేస్తుంది. ప్రతి ఓపెనింగ్‌నూ (ఆట మొదట్లోని ఎత్తుల వరసను) రంగులు మార్చి రెండుసార్లు ఆడించండి.