ఢిల్లీల చవక లాడ్జి: పైసలిచ్చే ముందు

ప్రశ్న: డిసెంబరుల మేం నలుగురం తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ పోతున్నం. స్టేషన్ దగ్గర చవక రూం దొరుకుతదా? ఏం చూసుకోవాలె?
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: దొరుకుతుందమ్మా. న్యూఢిల్లీ స్టేషన్‌లో ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు బయటికొస్తే పహాడ్‌గంజ్. చవక లాడ్జీలు ఎక్కువగా అక్కడే. దానికి అవతలి పక్కనున్న అజ్మేరీ గేటు వైపు పోయారంటే సామాను మోసుకుని మళ్లీ వంతెనెక్కాలి. ‘మీ హోటల్ మూసేశారు, వేరేది చూపిస్తా’ అనేవాళ్లు తగులుతారు. ఆగకండి, నేరుగా లాడ్జికే ఫోన్ చేయండి.

బండి చేరేది పొద్దున, చాలాచోట్ల చెకిన్ మాత్రం మధ్యాహ్నం 12కి. దిగిన గంట నుంచి 24 గంటల లెక్క ఉన్న లాడ్జి ఏదో ముందే అడగండి. పొగమంచుకు బండి ఆలస్యమైతే ఆ మాట కూడా చెప్పి ఉంచాలి.

పైసలు కట్టేముందు రూం చూడాల్సిందే. దుప్పటి ఎత్తి, తలగడ వైపు పరుపు కుట్టును వేలితో విడదీయండి. మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలుంటే నల్లులున్నట్టే, వేరే గది అడగండి. కిటికీ తెరిస్తే వరండాయే కనిపించి, బయటి గాలి రాని గదులు బోలెడు. గీజర్ వేసి పది నిమిషాలాగి నీళ్లు పట్టి చూడండి. అక్కడి చలి మన పాలమూరు చలి కాదు.

నలుగురి గుర్తింపు కార్డులూ అసలువే పట్టుకెళ్లండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు గదికి జీఎస్టీ 5 శాతమే. బిల్లులో పాత 12 శాతం కనిపిస్తే కౌంటర్‌లోనే అడగండి.