జాబ్ మానేస్తే కీళ్ళ జబ్బు తగ్గిపోతుందా?

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. విజయవాడలో ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని, వచ్చే జూన్‌కి ఐదేళ్ళు నిండుతాయి. మొన్న ఆగస్టులో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. పొద్దున లేస్తే గంటన్నర దాకా వేళ్ళు ముడుచుకోవు, మా పాపకి జడ కూడా వేయలేకపోతున్నా. ఏడున్నరకి కాలేజీలో ఉండాలి, స్టడీ అవర్స్ అయ్యేసరికి రాత్రి ఎనిమిది, ఆదివారం పరీక్ష డ్యూటీ. ఈ జబ్బుకి వారానికొకసారి వేసుకోమన్న మెథోట్రెక్సేట్ మాత్ర శనివారం వేసుకుంటే మర్నాడంతా వికారం, అందుకని డ్యూటీ ఉన్న వారం మానేస్తున్నా. ఉద్యోగం మానేస్తే జబ్బు అదే పోతుందని అత్తయ్యగారు, ఈఎంఐ ఎలా కట్టాలని మావారు. రాజీనామా లెటర్ టైప్ చేసి ఫోన్లో పెట్టుకున్నా. పంపేయనా?

జవాబు: ఆ లెటర్ ఫోన్లోనే ఉండనివ్వండమ్మా, ఇప్పుడే పంపకండి. మీరు ఆ ఉద్యోగంలోనే ఉండిపోవాలని కాదు, నన్నడిగితే ఏడున్నర నుంచి ఎనిమిది దాకా నిలబెట్టే ఉద్యోగం మీ కీళ్ళకి ఎక్కువ కాలం పనికిరాదు, ఎప్పుడో ఒకప్పుడు మానాల్సిందే. కానీ ఎప్పుడు మానాలి, ఎలా మానాలి అన్నది వేళ్ళు వాచి ఏడుస్తూ ఉన్న రాత్రి తేల్చుకునే విషయం కాదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఉద్యోగం కాదు, ఆ మధ్యలో రాసిన ఒక్క ముక్క, డ్యూటీ ఉన్న వారం మాత్ర మానేస్తున్నా అన్నారు చూడండి, అది. ఈ జబ్బు అరుగుదల నొప్పి లాంటిది కాదు, ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన శక్తే పొరపాటున మన కీళ్ళ లోపలి పొర మీద పడి దాన్ని వాపు చేస్తుంది, అలా వదిలేస్తే లోపల ఎముక తినేస్తుంది, వేళ్ళు వంకర పోతాయి. ఒకసారి వంకరపోయాక మాత్రతో సరికావు. అందుకే మొదటి ఏడాది రెండేళ్ళూ మందు గట్టిగా పడాలి. మెథోట్రెక్సేట్ ఇవాళ వేసుకుంటే రేపు పనిచేసే నొప్పి మాత్ర కాదు, ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, మీరేమో మధ్యమధ్యలో మానేస్తున్నారు, మూడు నెలలైనా తగ్గలేదంటే అందులో మందు తప్పెంతో, మానేసిన వారాల తప్పెంతో ఎవరు చెప్పగలరు?

డాక్టర్‌కి ఈ సంగతి దాచకుండా చెప్పండి. మాత్ర వేసుకునే రోజు మార్చచ్చు, రాత్రి పడుకునే ముందు వేసుకోమనచ్చు, దీనితో పాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ విటమిన్ మాత్ర సరిచేయచ్చు, వికారం మరీ ఎక్కువగా ఉంటే ఇంజెక్షన్ రూపంలో కూడా ఉంది. ఇవన్నీ ఆయన చెప్పాల్సినవి, మీకు మీరు చేసుకోకండి. ఇంకోటి, పోయిన వారంది కలిపి ఈ వారం రెట్టింపు వేసుకోవడం, వారానికొకసారి వేసుకోవాల్సింది మరుపున రోజూ వేసుకోవడం, ఇవి ప్రాణం మీదకి తెస్తాయి, క్యాలెండర్లో టిక్ పెట్టుకోండి. రక్తపరీక్షలు, లివర్ పరీక్ష చెప్పిన టైముకి చేయించుకోండి. క్లాసు కోసం రోజూ నొప్పి మాత్ర మింగుతుంటే అది కూడా చెప్పండి, కడుపుకీ కిడ్నీలకీ మంచిది కాదు.

ఇక అత్తయ్యగారి మాట. ఆవిడ మీ మంచికే అంటున్నారు, కాదనను. టెన్షన్, నిద్ర లేకపోవడం నొప్పుల్ని పెంచుతాయి, నిజమే. కానీ ఉద్యోగం వల్ల జబ్బు రాలేదు, ఉద్యోగం మానితే పోదు. ఆవిడ మనసులో "మానేస్తే తగ్గుతుంది" అనే ఉంటే రేపు మానేసి ఇంట్లో ఉన్నాక కూడా చేతులు వాస్తే అప్పుడు ఏమనుకుంటారు? ఇన్నేళ్ళ అనుభవంలో నేను చూసింది చెప్తాను, జబ్బుతో ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళకి నిజంగా రెస్ట్ దొరకడం చాలా తక్కువ. ఇంట్లోనే ఉంది కదా అని పనిమనిషిని మాన్పిస్తారు, పిల్లల ట్యూషన్ మాన్పిస్తారు, చుట్టాలొస్తే వంట అంతా ఈవిడ మీదే. బోర్డు మీద రాయడం కంటే తడి దుప్పటి పిండడం, చపాతీ పిండి కలపడం, నిండు కుక్కర్ దించడం, ఇడ్లీ పిండి గ్రైండర్ ఎత్తడం వాచిన మణికట్టుకి చాలా కష్టం. కాబట్టి మానే ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోండి, బట్టలు ఎవరు, పిండి ఎవరు, పాప జడ ఎవరు వేస్తారు (మావారికి జడ రాదు అనకండి, పది రోజుల్లో నేర్చుకుంటారు). ఆ మాట తేలకుండా ఉద్యోగం మానడం అంటే జీతం ఉన్న కష్టం వదిలేసి జీతం లేని కష్టంలోకి వెళ్ళడమే.

ఇప్పుడు డబ్బు సంగతి, మీవారి భయం కూడా చిన్నది కాదు. జూన్‌కి ఐదేళ్ళు అన్నారు. గ్రాట్యుటీకి, అంటే ఉద్యోగం మానేటప్పుడు సర్వీసు లెక్కగట్టి యాజమాన్యం ఇచ్చే డబ్బుకి, ఐదేళ్ళ సర్వీసు కావాలి, ప్రైవేట్ కాలేజీ టీచర్లకీ ఇది వర్తిస్తుంది, 2009లో చట్టం మార్చి 1997 ఏప్రిల్ నుంచి లెక్కలోకి తెచ్చారు, 2022లో సుప్రీంకోర్టు కూడా అది సరైందే అంది. ఈ లెక్కకి వచ్చే నెల జీతం 20 వేలు ఉందనుకోండి, దాన్ని 26తో భాగించి 15తో, ఆపైన ఐదేళ్ళతో హెచ్చిస్తే సుమారు 57 వేల ఏడొందలు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు అవ్వగానే మానేస్తే రెండు మూడు నెలల తేడాతో అది పోయే ప్రమాదం ఉంది. మెడికల్ సర్టిఫికెట్ మీద పెట్టిన సెలవు, జీతం లేని సెలవైనా సరే, సర్వీసు తెగినట్టు కాదు, ఇది గుర్తుపెట్టుకోండి. అయితే ఒక్క మాట, 57 వేల కోసం వేళ్ళు పోగొట్టుకోకండి.

కాలేజీ ఇచ్చిన గ్రూప్ ఇన్సూరెన్స్ ఉందా? ఉంటే ఉద్యోగంతో పాటే పోతుంది. బయట కొత్త పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బుకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ పెట్టచ్చు. అందుకని ఉద్యోగంలో ఉండగానే అదే కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందా అని అడగండి. ఫారంలో జబ్బు దాచద్దు, తర్వాత క్లెయిమ్ కొట్టేస్తారు.

మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గరే ఉన్నాయా? చాలా చోట్ల చేరేటప్పుడే తీసి పెట్టుకుంటారు, మధ్యలో మానేస్తామంటే అవే అడ్డం పెడతారు. వాటిని తిరిగి ఇవ్వమని రాజీనామా మాట ఎత్తకముందే మెయిల్ పెట్టండి, ఫోన్లో అడిగితే రికార్డు ఉండదు.

మరి ఈలోగా? ముందు అడగండమ్మా. మీరు ఇంతవరకు ప్రిన్సిపాల్‌ని ఏమీ అడిగినట్టు ఉత్తరంలో లేదు, భరించారు, భరించారు, ఒక్కసారే రాజీనామా దాకా వచ్చారు. డాక్టర్ చేత ఒక లెటర్ రాయించుకోండి, ఎక్కువసేపు నిలబడకూడదు, పొద్దున మొదటి పీరియడ్ వద్దు, వారంలో ఒకరోజు పూర్తి విశ్రాంతి అని స్పష్టంగా. అది పట్టుకెళ్ళి మూడే అడగండి: సాయంత్రం స్టడీ అవర్స్ తీసేయడం, ఆదివారం డ్యూటీ తీసేయడం, కూర్చుని డిజిటల్ బోర్డు మీద చెప్పనివ్వడం. సీనియర్ ఇంటర్‌కి కెమిస్ట్రీ చెప్పే మనిషి నవంబర్‌లో పోతే మళ్ళీ దొరకడం వాళ్ళకీ కష్టమే, ఆ బలం మీకుంది. ఎండాకాలం అడ్మిషన్ల కోసం ఊళ్ళు తిరగమంటారు కదా, అది చేయలేనని ఇప్పుడే రాసిచ్చేయండి.

ఒప్పుకుంటే జూన్ దాకా లాగచ్చు, ఈలోగా తొమ్మిది నుంచి నాలుగు ఉండే స్కూలేదైనా చూసుకోవచ్చు. ఒప్పుకోకపోతే ఆరు వారాలు మెడికల్ లీవ్ పెట్టండి, మందు ఒక్క వారం కూడా తప్పకుండా వేసుకోండి. సంక్రాంతి దాటాక చూసుకోండి, పొద్దున బిగుతు గంటన్నర నుంచి అరగంటకి వచ్చిందా లేదా. వచ్చినా కాలేజీ మళ్ళీ పాత గానుగకే కడతానంటే, జూన్ అని చూడకుండా ఆ లెటర్ పంపేయండి, నేనే పంపమంటున్నాను.

ఈసారి డాక్టర్ దగ్గరికి మీవారిని తీసుకెళ్ళండి, వీలైతే అత్తయ్యగారిని కూడా. వేళ్ళ గురించి మీరు చెప్తే నొప్పి అనుకుంటున్నారు, డాక్టర్ ఎక్స్‌రే పెట్టి చూపిస్తే వాళ్ళకి తెలుస్తుంది.