లైబ్రరీ వాళ్ళ పబ్‌మెడ్ శిక్షణకు వెళ్ళడం అవసరమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: బరంపురంలో పిల్లల వైద్యంలో పీజీ మొదటి సంవత్సరం చదువుతున్నారు, థీసిస్ సికిల్ సెల్ (వారసత్వంగా వచ్చే రక్త వ్యాధి) మీద, డ్యూటీలతో ఊపిరి సలపడం లేదు. గూగుల్‌లో వెతకడం వచ్చినప్పుడు, వైద్య పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే పబ్‌మెడ్ కోసం లైబ్రరీ శిక్షణకు ఒక మధ్యాహ్నం ఎందుకివ్వాలి?

ఇవ్వండి. నాది పర్లాకిమిడి. దక్షిణ ఒడిశాలోని ఒక వైద్య కళాశాల లైబ్రరీలో ఈ శిక్షణలు ఇచ్చేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నేను చూసినంతలో, చేతిలో సొంత ప్రశ్న లేకుండా వచ్చినవాళ్ళు స్లైడ్లు చూసి వెళ్ళిపోతారు. ప్రశ్నతో వచ్చినవాళ్ళు పని నేర్చుకుని వెళ్తారు.

ఒక స్టాఫ్ నర్సు గారి సంగతి చెబుతాను. వార్డులో క్యాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) బాగానే పనిచేస్తున్నా మూడు రోజులు దాటగానే తీసేసి కొత్తది పెట్టాలా అన్నది ఆవిడ సందేహం. నరం దొరకని రోగికి మళ్ళీ మళ్ళీ పొడవడం ఆవిడకు బాధగా ఉండేది. ఇద్దరం కూర్చుని దాన్ని నాలుగు ముక్కలు చేశాం: ఏ రోగులు, ఏం చేస్తున్నాం, దేనితో పోలుస్తున్నాం, ఏ ఫలితం చూస్తున్నాం. శిక్షణలో ‘పికో’ అని చెప్పేది ఇదే. ఒక్కో ముక్కకు ఉన్న వేర్వేరు పేర్లను ‘ఆర్’ (వీటిలో ఏదున్నా సరే) అనే మాటతో కలిపి, ముక్కలన్నిటినీ ‘ఆండ్’ (అన్నీ ఉండాలి) అనే మాటతో జోడించాం. కాక్రేన్ సమీక్ష, అంటే ఒక ప్రశ్న మీద జరిగిన అధ్యయనాలను కలిపి పరిశీలించే నివేదిక, దొరికింది. నిర్ణీత కాలానికి మార్చినా, అవసరమైనప్పుడే మార్చినా రక్తంలో ఇన్‌ఫెక్షన్ విషయంలో స్పష్టమైన తేడా కనబడలేదని అందులో ఉంది. మందు బయటి కణజాలంలోకి కారడం, క్యాన్యులా మూసుకుపోవడం మాత్రం నిర్ణీత కాలానికి మార్చినప్పుడు కొంత తక్కువని కూడా ఉంది. ఆవిడ ఈ రెండో మాటనూ వదలకుండా రాసుకుని వార్డు ఇన్‌చార్జి దగ్గరికి తీసుకెళ్ళారు. తనకు నచ్చిన వాక్యం దగ్గర ఆగిపోకపోవడం చూసి నాకు ఎంతో గౌరవం కలిగింది.

ఇక మీ సికిల్ సెల్. దానికి వాడే ‘హైడ్రాక్సీయూరియా’ మందును కొందరు ‘హైడ్రాక్సీకార్బమైడ్’ అని రాస్తారు. ‘అనీమియా’కు బ్రిటిష్ స్పెల్లింగు వేరు, అమెరికన్ స్పెల్లింగు వేరు. మామూలుగా టైపు చేస్తే పబ్‌మెడ్ చాలావరకు ఇవన్నీ ఒకటేనని గుర్తించి, తన మెష్ పదాలకు, అంటే వ్యాసాలకు తగిలించే ప్రామాణిక విషయ పదాలకు, కలుపుకుంటుంది. కొటేషన్ గుర్తుల్లో పెట్టగానే ఆ సాయం ఆగిపోతుంది. విద్యార్థులు ‘కచ్చితంగా ఉంటుంది’ అనుకుని కొటేషన్లు పెట్టి సగం వ్యాసాలు పోగొట్టుకోవడం తరచూ చూస్తుంటాను. పబ్‌మెడ్ మీ మాటను ఎలా అర్థం చేసుకుందో అడ్వాన్స్‌డ్ పేజీలో, సెర్చ్ వివరాల్లో కనిపిస్తుంది. శిక్షణలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా అది చూడటం నేర్చుకోండి.

ఊర్ల పేర్లలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కుంది. రాష్ట్రం పేరు స్పెల్లింగు 2011లో మారింది కాబట్టి పాత వ్యాసాల్లో ‘ఒరిస్సా’ అనే ఉంటుంది. బరంపురాన్ని ‘బెర్హంపూర్’ అని, ‘బ్రహ్మపూర్’ అని రెండు రకాలుగానూ రాస్తారు. దాదాపు అదే పేరుతో పశ్చిమ బెంగాల్‌లో ఇంకో ఊరుంది, అక్కడి వ్యాసాలూ వచ్చి పడతాయి. ఇలాంటివి స్థానిక లైబ్రేరియన్ చెప్పినట్టు ఏ వీడియో పాఠమూ చెప్పదు. జాతీయ వైద్య కమిషన్ తప్పనిసరి చేసిన పరిశోధన కోర్సు మీరు ఎలాగూ చేయాలి. అది మంచిదే. కానీ వెతకడమన్నది పక్కన ఒకరు ఉండగా మన చేత్తో చేస్తేనే పట్టుబడుతుంది.

‘ఫ్రీ ఫుల్ టెక్స్ట్’ ఫిల్టరును మొదట్లోనే నొక్కకండి. ఉచితంగా దొరికేదే సాక్ష్యం అనుకునే ప్రమాదం ఉంది. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణకర్తల జర్నల్స్, దాదాపు 13,000, అందుబాటులోకి వచ్చాయి. మీ కళాశాలకు ఏవేవి తెరుచుకుంటున్నాయో, హాస్టల్ నుంచి లాగిన్ ఎలాగో ఆ రోజే అడిగి ప్రయత్నించి చూడండి. రిఫరెన్సులు దాచి అమర్చుకోవడానికి జొటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మొదటి వ్యాసం నుంచే అందులో దాచుకోండి. థీసిస్ చివర్లో మొదలుపెడితే నరకం.

వెళ్ళే ముందు మీ థీసిస్ ప్రశ్నను ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోండి. దగ్గర ఉన్న రెండు మంచి వ్యాసాలు కూడా తీసుకెళ్ళండి, మీ వెతుకులాటలో అవి రాకపోతే ఎక్కడో పదం తప్పిందని వెంటనే తెలుస్తుంది. పబ్‌మెడ్‌లో ఖాతా తెరిచి ఆ సెర్చ్‌ను భద్రపరచండి, కొత్త వ్యాసాలు వచ్చినప్పుడు ఈమెయిల్ వస్తుంది. తేదీ డ్యూటీతో కలవకపోతే లైబ్రరీకి వెళ్ళి విడిగా సమయం అడగండి, మాలో చాలామంది సంతోషంగా ఇస్తారు. ప్రకటనలో ‘విద్యార్థులకు’ అని మాత్రమే ఉన్నా మీ వార్డు నర్సులను, ల్యాబ్ టెక్నీషియన్లను కూడా పంపవచ్చా అని అడగండి. రోగి పక్కన ఎక్కువసేపు ఉండేది వాళ్ళే, వాళ్ళ ప్రశ్నలకూ ఆ గదిలో కుర్చీ ఉండాలి.