పెద్ద రైఫిల్ సైలెన్సర్‌ను .22కు బిగిస్తే ఏమవుతుంది?

ఒంగోలు నుంచి మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. టెక్సాస్‌లో మీ బావగారు పెద్ద .308 రైఫిల్‌కు వాడే సప్రెసర్‌ను (సైలెన్సర్‌కే ఇంకో పేరు) కొత్తగా కొన్న చిన్న .22 రిమ్‌ఫైర్ (తూటా అంచు మీద దెబ్బ పడి పేలే రకం) రైఫిల్‌కు బిగించవచ్చా? వేసవిలో వెళ్లినప్పుడు మీరు కాల్చి చూడవచ్చా? అటువంటి ఏర్పాటు కొత్తపట్నంలోని మీ రొయ్యల చెరువు మీద వాలే కొంగలకు పనికొస్తుందా?

మొదటిదానికి జవాబు: బిగించవచ్చు. అమెరికాలో ఉన్న రోజుల్లో నేను రెండేళ్లు అదే పని చేశాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే వద్దనే చెబుతాను. తుపాకికి ఏమీ కాదు, పాడయ్యేది సప్రెసర్.

కొలతల సంగతి చూస్తే భయపడాల్సిందేమీ లేదు. .22 గుండు లావు సుమారు 5.7 మిల్లీమీటర్లు, .308 గుండు 7.8. పెద్దదాని కోసం చేసిన రంధ్రంలోంచి చిన్నది ఇబ్బంది లేకుండా వెళ్లిపోతుంది. పీడనం కూడా అంతే: .22 లాంగ్ రైఫిల్ గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 24,000 పౌండ్లు, .308ది 62,000. అంటే ఎద్దు లాగే బండికి మేకను కట్టినట్టు. దీన్ని తిరగేసి మాత్రం ఎన్నడూ చేయకండి. .22 కోసం చేసిన పలుచని సప్రెసర్‌ను .308కు తగిలిస్తే అది ముఖం ముందే పగిలిపోవచ్చు.

చప్పుడు బాగానే తగ్గుతుంది, అయితే .22 కోసమే చేసినదానంత కాదు. రంధ్రం పెద్దది కనుక గుండు చుట్టూ గ్యాసు తప్పించుకుంటుంది. లోపల గాలి ఎక్కువ, అందులోని ఆక్సిజన్‌తో మొదటి తూటా కాస్త గట్టిగా పలుకుతుంది, రెండోది నుంచి సద్దుమణుగుతుంది. ఇక తూటా ధ్వని వేగాన్ని దాటితే ఏ సప్రెసర్ పెట్టినా గాలిలో వచ్చే ఫెళ్లుమనే చప్పుడు పోదు. 20 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. పెట్టె మీద ‘సబ్‌సోనిక్’ (ధ్వని కంటే నెమ్మదిగా వెళ్లేవి) అని రాసి ఉన్న తూటాలే కొనమని మీ బావగారికి చెప్పండి. నేను మొదటి నెల హై వెలాసిటీ తూటాలు కాల్చి, సప్రెసర్ బాగాలేదని దాన్నే తిట్టుకున్నాను.

అసలు చిక్కు సీసంతో. .308 గుండుకు రాగి తొడుగు ఉంటుంది. .22 గుండు చాలావరకు వట్టి సీసం, పైన మైనం గానీ పలుచని రాగి పూత గానీ ఉంటుంది. కాల్చినప్పుడల్లా సీసం, మైనం, మసి కలిసి సప్రెసర్ లోపలి గోడలకు అంటుకుంటాయి. మాది బుచ్చిరెడ్డిపాలెం. మా నాన్నగారి ఆయిల్ ఇంజను లోడు లేకుండా ఎక్కువసేపు తిరిగితే సైలెన్సర్ నిండా జిడ్డు మసి పేరుకునేది, నిండు లోడు పడిన రోజు చాలావరకు అదే ఊడిపోయేది. ఇక్కడా అదే వరస. ఆ మురికిని బయటికి తోసే బలం .22కు లేదు. .22 సప్రెసర్లను విప్పి కడుక్కునేలా చేసేది అందుకే. పెద్ద రైఫిళ్లవి చాలావరకు వెల్డింగ్ చేసి మూసేస్తారు, విప్పే వీలుండదు. నాదీ అలాంటిదే. సుమారు రెండు వేల తూటాల తర్వాత వంటింటి త్రాసులో పెడితే యాభై గ్రాములు పెరిగింది. ఆ త్రాసును మా ఆవిడ మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు. సీసం గనుక ఆమె మాటే న్యాయం.

వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి పోస్తే సీసం కరుగుతుందని కొందరు చెబుతారు. కరిగే మాట నిజమే. కానీ మిగిలే ద్రవంలో లెడ్ ఎసిటేట్ ఉంటుంది, అది విషం. పైగా ఆ ద్రవం అల్యూమినియాన్ని తినేస్తుంది. నేను ఆ జోలికి పోలేదు.

ఇంకొకటి మరల సంగతి. .22 గొట్టానికి మామూలుగా అర అంగుళం మర ఉంటుంది, .308కు 5/8 అంగుళం. మధ్యలో అడాప్టర్ వేయాలి. ఒక రోజు 50 గజాల దగ్గర నా గుళ్లన్నీ చెల్లాచెదురుగా పడుతుంటే, నా చూపే మందగించిందనుకున్నాను. తీరా చూస్తే అడాప్టర్ వదులై సప్రెసర్ ఊగుతోంది. అర కిలో బరువు చివర వేలాడుతుంటే వదులు కాకేం చేస్తుంది? ఇంకొంచెం వాలి ఉంటే గుండు లోపల తగిలేది. కాబట్టి బిగించక తప్పదనుకుంటే తయారీదారు పుస్తకంలో రిమ్‌ఫైర్‌కు అనుమతి ఉందో లేదో చూడాలి, ప్రతి పది తూటాలకూ చేత్తో బిగువు చూసుకోవాలి, ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నన్నడిగితే విప్పగలిగే .22 సప్రెసరే కొనుక్కోమంటాను. అమెరికాలో 1934 నుంచి ఉన్న 200 డాలర్ల ఫెడరల్ పన్ను 2026 జనవరి 1 నుంచి సప్రెసర్లకు సున్నా అయింది. రిజిస్ట్రేషన్ మాత్రం అలాగే ఉంది.

రెండో ప్రశ్న. మీరు వెళ్లేది పర్యాటక వీసా మీద. అలా వెళ్లినవారు తుపాకి గానీ తూటా గానీ చేత పట్టడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులున్నాయి. ముందు ఆ లైసెన్సు తీసుకోండి, మీ బావగారు పక్కన ఉండగానే కాల్చండి.

ఇక కొంగలు. వాటిని బెదరగొట్టాలంటే చప్పుడు కావాలి, మీరేమో చప్పుడు తగ్గించే వస్తువు అడుగుతున్నారు! కాల్చే ఉద్దేశం ఉంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. సైలెన్సర్లు మన ఆయుధ నిబంధనల్లో నిషిద్ధ జాబితాలోనివి. చెరువు మీద అడ్డంగా తాళ్లు కట్టించండి, చాలామంది చేస్తున్నది అదే.

తిరుగు ప్రయాణంలో, కాల్పుల మైదానానికి (రేంజికి) తీసుకెళ్లిన సంచిలో బట్టలు సర్దకండి. మూలన ఒక్క .22 తూటా నక్కి ఉన్నా చెన్నై విమానాశ్రయంలో ఎక్స్‌రే దాన్ని పట్టేస్తుంది. ఆ పైన మీ వేసవి సెలవులు పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడంతో సరిపోతాయి.