మొక్కల మందుగుణాల చదువు: ఏ ప్రశ్న మీది?

ప్రశ్న: నేను పన్నెండో తరగతి చదువుతున్నాను. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం రెండూ ఇష్టమే. ఏ మొక్క ఏ జబ్బుకు పనిచేస్తుందో తెలుసుకోవడమంటే చిన్నప్పటి నుంచీ ఆసక్తి. ఇప్పటికి నూట యాభై మొక్కల ఉపయోగాలను ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఈ రంగంలోనే స్థిరపడాలని ఉంది. అది కాలక్షేపానికి బాగుంటుంది గానీ బతుకుతెరువు కాదని నాన్నగారు అంటున్నారు. వృక్షశాస్త్రం, ఫార్మసీ, సంప్రదాయ వైద్యం, ఈ మూడింటిలో ఏది తీసుకోమంటారు? (ఒక విద్యార్థిని)

జవాబు: మీ నాన్నగారి మాటను వెంటనే కొట్టిపారేయవద్దు, అందులో సగం నిజం ఉంది. ఫలానా మొక్కను ఫలానా జబ్బుకు వాడతారని తెలిసి ఉన్నంత మాత్రాన ఎవరూ జీతం ఇవ్వరు. ఆ సమాచారం గ్రంథాల్లోనూ కోశాల్లోనూ ఎప్పుడో పోగుపడి ఉంది. దాన్ని నమ్మవచ్చునా, నమ్మితే ఎంతవరకు, ఎవరికి, ఏ మోతాదులో అని తేల్చగలిగిన వారికి మాత్రం పని ఉంది. మీరు అడిగిన మూడు చదువులూ ఈ తేల్చే పనిలో వేర్వేరు భాగాలను నేర్పుతాయి. కాబట్టి కోర్సు పేరు కంటే ముందు, ఆ భాగాల్లో ఏది మీ మనసుకు పడుతుందో చూసుకోవాలి.

మీ నోటుపుస్తకంలో 'బ్రాహ్మి: జ్ఞాపకశక్తికి' అనే పద్దు ఒకటి ఉండే ఉంటుంది. అది ఏ మొక్క? ఇదే మొదటి ప్రశ్న. నేల మీద పాకుతూ, పొడవాటి కాడల చివర గుండ్రటి ఆకులతో ఉండే సెంటెల్లా ఏషియాటికాను కొందరు బ్రాహ్మి అంటారు. తడి నేలల్లో పెరుగుతూ, చిన్నచిన్న మందపాటి ఆకులు కాండానికి అతుక్కున్నట్టు ఉండే బకోపా మొన్నియెరిని మరికొందరు బ్రాహ్మి అంటారు. రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందినవి. మొదటిదానిలో ఉండేవి ఏషియాటికోసైడ్ వంటి పదార్థాలు, రెండోదానిలో ఉండేవి బాకోసైడ్లు. పచ్చి మొక్కలను పక్కపక్కన పెడితే చిన్నపిల్లలు కూడా తేడా చెప్పగలరు గానీ, ఎండబెట్టి పొడి కొట్టి సంచిలో పోశాక చెప్పాలంటే చదువు కావాలి. ఆ చదువు పేరు ఫార్మకాగ్నసీ. చిటికెడు పొడిని గాజుపలక మీద వేసి, క్లోరల్ హైడ్రేట్ ద్రావణంతో వేడిచేసి పారదర్శకంగా మార్చి, సూక్ష్మదర్శిని కింద చూస్తారు. అది సునాముఖి ఆకు పొడి అయితే గరుకు గోడల ఒంటికణపు నూగు, ఈనెల వెంట బారులు తీరిన కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కనిపించి తీరాలి. కనిపించకపోతే సంచి మీద ఏ పేరు రాసి ఉన్నా ఆ సరుకు వెనక్కి పోవలసిందే. ఇప్పుడు ఇదే పనికి క్రోమటోగ్రఫీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూసే పద్ధతి), డీఎన్‌ఏ బార్‌కోడింగ్ (డీఎన్‌ఏను చూసి జాతిని గుర్తించే పద్ధతి) కూడా తోడయ్యాయి.

పేరు పొరపాటు ఎంత దూరం పోగలదో చెప్పడానికి నేను విద్యార్థులకు తరచుగా బెల్జియం ఉదంతం చెబుతుంటాను. 1990ల తొలి ఏళ్లలో అక్కడ బరువు తగ్గడానికని ఇచ్చిన మందులలో స్టెఫానియా టెట్రాండ్రా అనే చైనా మొక్క ఉండవలసిన చోట అరిస్టొలోకియా జాతి మొక్క ఒకటి చేరింది. చైనా వాడుకలో రెండింటి పేర్లూ ఒకే మాటతో ముగుస్తాయి. వందమందికి పైగా మూత్రపిండాలు పాడయ్యాయి, వారిలో కొందరికి ఆ తరవాత మూత్రనాళాల క్యాన్సర్ కూడా వచ్చింది. ఒక మొక్కను సరిగా గుర్తుపట్టగలిగిన మనిషి ఆ సరఫరా దారిలో ఎక్కడో ఒకచోట ఉండి ఉంటే అంతమందికి ఆ గతి పట్టేది కాదు. నా దగ్గరికి సలహాకు వచ్చి ఈ రంగంలో చేరినవారిలో ఎక్కువమందికి మొదటి ఉద్యోగం దొరికింది కూడా ఇటువంటి నాణ్యత పరీక్షల ప్రయోగశాలల్లోనే. పని ఆకర్షణీయంగా కనిపించదు, కానీ నిలకడగా ఉంటుంది.

రెండో ప్రశ్న, మొక్కలో పనిచేస్తున్న పదార్థం ఏమిటన్నది. ఇది ఫైటోకెమిస్ట్రీ, అంటే మొక్కల రసాయనశాస్త్రం. 1820లో పెలెటియే, కావెంటూ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు సింకోనా బెరడు నుంచి క్వినైన్‌ను విడదీసినప్పటి నుంచీ ఈ పని పద్ధతి మౌలికంగా మారలేదు. మొక్క సారాన్ని తీయడం, దాన్ని భాగాలుగా విడగొట్టడం, ఏ భాగంలో గుణం ఉందో పరీక్షించి దాన్ని మళ్లీ విడగొట్టడం, ఇదే వరస. చదువుతుంటే వీరగాథలా ఉంటుంది గానీ చేసేటప్పుడు అలా ఉండదు. నిలువుటి గాజు గొట్టంలో సిలికా పొడి నింపి, పైనుంచి సారాన్ని పోసి, కింద బొట్టుబొట్టుగా కారేదాన్ని పరీక్షనాళికల్లో పట్టి, ఒక్కొక్క నాళిక నుంచి చుక్క తీసి పలక మీద పెట్టి, అతినీలలోహిత దీపం కింద చూడాలి. పగటి వెలుతురులో ఆకుపచ్చగా ఉన్న క్లోరోఫిల్ ఆ దీపం కింద ఎర్రగా మెరిసినప్పుడు మొదటిసారి అందరికీ ముచ్చటగానే ఉంటుంది. రెండువందలవ నాళిక దగ్గర కూడా ఆ ముచ్చట మిగిలితే మీరు ఈ పనికి సరిపోతారు. మొక్కలంటే ప్రాణం పెట్టే ఒక అబ్బాయి నా సలహా మీద ఇందులో చేరి, మొక్క ముఖమే కనిపించని ప్రయోగశాలలో ఉండలేక ఏడాదికే బయటికి వచ్చేశాడు. ఆ తప్పు అతనిది కాదు. చేరకముందు ఒక్క వారమైనా ఆ పనిని దగ్గరగా చూసి రమ్మని నేను చెప్పి ఉండవలసింది.

సంప్రదాయ జ్ఞానం, ఆధునిక రసాయనశాస్త్రం రెండూ ఒకే మనిషిలో కలిస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే చైనా శాస్త్రవేత్త తూ యూయూ జీవితం చూడండి. ఆమె 1955లో బీజింగ్‌లో ఫార్మసీ పట్టా తీసుకున్నారు, ఆ తరవాత రెండున్నర ఏళ్లు చైనా సంప్రదాయ వైద్యంలో శిక్షణ పొందారు. మలేరియా మందు కోసం వెతుకుతున్నప్పుడు ఆమె బృందం తీసిన ఆర్టిమీసియా అనే మొక్క సారం ఒకసారి పనిచేసి మరోసారి పనిచేయలేదు. క్రీస్తుశకం నాలుగో శతాబ్దపు వైద్యుడు కె హుంగ్ రాసిన గ్రంథంలో, గుప్పెడు మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది. కాచమని లేదు. వేడికి గుణం పోతోందేమోనని ఆమె తక్కువ ఉష్ణోగ్రత దగ్గర ఈథర్‌తో సారం తీయించారు. 1972లో అందులో పనిచేసే ఆర్టిమిసినిన్ అనే పదార్థాన్ని విడదీశారు, 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పాత వాక్యాన్ని అంతకుముందు ఎందరో చదివే ఉంటారు. 'కాచడం' అనే మాట అక్కడ లేకపోవడం రసాయనశాస్త్రం తెలిసిన కంటికి ఆనింది. మీరు రెండు విషయాలూ ఇష్టమే అని రాశారు గనుక ఈ ఉదాహరణను ప్రత్యేకంగా చెబుతున్నాను.

మూడోది మోతాదు, ఫలితం, ప్రమాదం. ఇది ఫార్మకాలజీ. ఒంటికి నీరు పట్టిన రోగులకు ఇంటివైద్యంగా ఇస్తున్న, ఇరవై దాకా మూలికలు కలిసిన ఒక మందు ఇంగ్లండు వైద్యుడు విలియం విథరింగ్ కంటబడింది. అందులో పనిచేస్తున్నది ఫాక్స్‌గ్లవ్ ఒక్కటేనని ఆయన పోల్చుకుని, దాదాపు పదేళ్లపాటు రోగులకు ఇస్తూ మోతాదులు, ఫలితాలు, వికటించిన సందర్భాలు అన్నీ రాసుకుని 1785లో ప్రచురించాడు. ఆ మొక్కలో మేలు చేసే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. అందుకే వికటించిన సందర్భాలను కూడా దాచకుండా రాయడమే ఆ పుస్తకంలోని గొప్పతనమని నా అభిప్రాయం. సంప్రదాయ ఉపయోగం ఒకటి, పరీక్షలో తేలింది మరొకటి అయిన సందర్భాలు కూడా ఉన్నాయి. బిళ్లగన్నేరును మధుమేహానికి వాడతారని విని 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రవేత్తలు పరీక్షించగా, చక్కెర తగ్గలేదు గానీ ఎలుకల రక్తంలో తెల్లకణాలు తగ్గిపోయాయి. క్యాన్సర్‌కు వాడే విన్‌బ్లాస్టిన్ అలా దొరికింది. మీ పుస్తకంలో బిళ్లగన్నేరు పక్కన మధుమేహం అని రాసి ఉంటే దాన్ని కొట్టివేయకండి, పక్కన ఈ కథ కూడా రాసుకోండి.

నాలుగోది రోగి. ఇక్కడ మీకు ఒక మాట గట్టిగా చెప్పాలి. మొక్కలు ఇష్టం కాబట్టి సంప్రదాయ వైద్యంలో చేరదామనుకునే విద్యార్థులు చాలామంది నన్ను కలుస్తుంటారు. వైద్యుడి రోజంతా గడిచేది మొక్కలతో కాదు, మనుషులతో. నొప్పితో, భయంతో, సగం చెప్పి సగం దాచే మాటలతో వచ్చే రోగులను ఓపికగా విచారించడం మీకు ఇష్టమైతేనే ఆ దారి ఎంచుకోండి. అప్పుడు కూడా ఆధునిక మందుల పరిజ్ఞానం తప్పదు. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక కాలేయంలోని కొన్ని ఎంజైములను పెంచి, అవయవ మార్పిడి చేయించుకున్నవారు వేసుకునే సైక్లోస్పోరిన్‌ను పనిచేయకుండా చేయగలదు. అతిమధురం మోతాదు మించి చాలాకాలం తీసుకుంటే ఒంట్లో పొటాషియం తగ్గి రక్తపోటు పెరుగుతుంది. 'మొక్క మందు గనుక హాని లేదు' అని చెప్పే వైద్యుడి దగ్గర చదువుకోవద్దు. కొద్ది వారాల్లో ముగిసే మూలికా వైద్య సర్టిఫికెట్లు జ్ఞానం కోసం తీసుకోవచ్చు గానీ, అవి వైద్యం చేసే హక్కు ఇస్తాయని అనుకోవద్దు. ఆ హక్కు ఎవరికి ఉంటుందో ఒక్కో దేశపు చట్టం ఒక్కో విధంగా చెబుతుంది, చేరకముందే అది విచారించాలి.

సాగు, సేకరణ, స్థానిక ప్రజల వృక్షజ్ఞానం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నలో అవి లేవు. పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి ప్యాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు తీసినన్నాళ్లూ బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోయేది. మరో జాతి యూ చెట్టు ఆకుల నుంచి దానికి ముందటి పదార్థాన్ని తీసి మందుగా మార్చడం నేర్చుకున్నాక గానీ ఆ ఇబ్బంది తీరలేదు. సర్పగంధి వేళ్ల కోసం ఎంతగా తవ్వారంటే, దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఇప్పుడు సైటిస్ (అంతరించే ముప్పున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) నియంత్రణ ఉంది. ఒక సముదాయం దగ్గర నేర్చుకున్న జ్ఞానంతో మందు తయారైతే లాభంలో వారికి వాటా ఉండాలనే సూత్రానికి 2010లో కుదిరి 2014లో అమల్లోకి వచ్చిన నగోయా ఒప్పందం బలం చేకూర్చింది. బయట తిరగడం, మనుషులతో మాట్లాడి నమ్మకంగా రాసుకోవడం ఇష్టమైనవారికి ఇది చక్కటి దారి.

ఇక నా సలహా. మీరు ఇంకా ఏ ప్రశ్న వైపూ గట్టిగా మొగ్గకపోతే ఫార్మసీ తీసుకోండి. గుర్తింపు, రసాయనం, మోతాదు మూడూ అందులో కొంత కొంత ఉంటాయి, తరవాత ఎటు కావాలన్నా మళ్లవచ్చు, మీ నాన్నగారు భయపడే బతుకుతెరువు సంగతి కూడా కొంత తేలికపడుతుంది. అయితే ఆ కోర్సులో మొక్కలకు దక్కేది కొన్ని పేపర్లే. మిగతా కాలమంతా మాత్రల తయారీ, లెక్కలు, చట్టాలతో గడుస్తుందని తెలిసి చేరండి. సూక్ష్మదర్శిని, హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాల భాండాగారం), అడవి, వీటి గురించి రాసిన చోటనే మీకు చదవడం ఆపబుద్ధి కాకపోతే వృక్షశాస్త్రం మంచిది, కానీ డిగ్రీతో ఆగిపోయే ఉద్దేశంతో అందులో చేరవద్దు. స్నాతకోత్తర చదువు వరకు, పరిశోధన కావాలంటే పీహెచ్‌డీ వరకు వెళ్లే ఓపిక, ఇంటి నుంచి ఆసరా ఉండాలి. నాన్నగారితో మాట్లాడవలసిన అసలు విషయం ఇదే: అన్నేళ్లు చదివించగలరా, లేక నాలుగేళ్లకే సంపాదన మొదలుకావాలా?

పరీక్షలు అయ్యాక మీ నోటుపుస్తకంలోంచి ఒకే ఒక మొక్కను తీసుకోండి. దాని శాస్త్రీయ నామం, అదే వాడుక పేరుతో పిలిచే ఇతర మొక్కలు, వాడే భాగం, అందులోని ముఖ్య పదార్థం, మనుషుల మీద జరిగిన పరీక్షలు, తెలిసిన దుష్ఫలితాలు రాసి చూడండి. మొక్కను కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టి, ఎక్కడ, ఏ తేదీన సేకరించారో చీటీ అంటించండి. నెల రోజులు పడుతుంది. ఈ పనిలో ఏ భాగం దగ్గర మీకు వేళ తెలియలేదో, ఏ భాగాన్ని రేపటికి రేపటికి వాయిదా వేశారో రాసి పంపండి. కళాశాలల పేర్లు అప్పుడు మాట్లాడుకుందాం.